బండి నడుపుతూ మెసేజ్ పెడితే మహా అయితే చలానేనా?

ప్రశ్న:
మా తమ్ముడు రోజూ ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా కారులో వెళ్తాడు, ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో వాట్సాప్. పక్కన కూర్చోవాలంటేనే నాకు టెన్షన్. గట్టిగా అడిగితే "మహా అయితే చలాన్ వస్తుంది, కట్టేస్తాలే అక్కా" అంటాడు. నిజంగా అంతేనా?

జవాబు 1:
అంతే కాదండీ. 2019లో సవరించాక మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రకారం, ఫోన్ చేతిలో పట్టుకుని వాడుతూ నడపడం ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, రెండూ కూడా వేయొచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా వెళ్తుంది. ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష.

జవాబు 2:
చట్టం సంగతి అలా ఉంచండి. 60 స్పీడులో ఐదు సెకన్లు ఫోన్ చూస్తే బండి 80 మీటర్లు దాటిపోతుంది, కళ్లు మూసుకుని నడిపినట్టే. నేను సూర్యాపేట దగ్గర రాత్రిపూట "వస్తున్నా" అని టైప్ చేస్తూ తలెత్తేసరికి ముందు లైటు లేని పత్తి ట్రాక్టరు. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక సీట్లో నిద్రపోతున్న పాప ముందు సీటుకి కొట్టుకుంది, నుదుటి మీద మూడు కుట్లు. ఆ మచ్చ ఇంకా ఉంది. మీ తమ్ముడికి ఇది చూపించండి.

జవాబు 3:
దారి చూసుకోవడానికి మ్యాప్ పెట్టుకోవచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. నేనైతే ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక సీట్లో పడేస్తా.