దూర ప్రయాణాలకు పాత బండి: డామినారా, మీటియోరా?

ప్రశ్న: నా 125 సీసీ బండి మీద హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటాం. వెనక నా భార్య. పక్కనుంచి లారీ దూసుకెళ్తే బండి ఊగిపోతోంది, భయమేస్తోంది. పాత డామినార్ 400, మీటియోర్ 350 చూశాను. ఏది మేలు?

జవాబు: వేగం ముఖ్యమైతే డామినార్. 373 సీసీ, కూలెంట్‌తో చల్లబడే ఇంజన్. రేడియేటర్ నుంచి ఆ కూలెంట్ కారుతోందేమో తప్పక చూడండి.

జవాబు: ఇద్దరూ వెళ్తారు కాబట్టి నా ఓటు మీటియోర్‌కే. ట్యూబ్‌లెస్ టైర్లు, 15 లీటర్ల ట్యాంకు, నిటారుగా కూర్చోవచ్చు. ఏదైనా సరే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి వినండి. ముందే వేడిచేసి ఉంచితే చప్పుళ్లు బయటపడవు. టైరు మీద నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతదైతే టైర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి.

ప్రశ్నించినవారు: ఆదివారం పొద్దున్నే వెళ్లి మీటియోర్ చూస్తాను. వెనక సీటు సంగతి మా ఆవిడే తేలుస్తుంది.