ఫసలీ 1330 రసీదు: మా అబ్బ వాళ్ల నాయన గురించి ఎట్లా తెలుసుకునేది?

మాది చంద్రగిరి దగ్గర పల్లె. అవ్వ పోయినాక ట్రంకుపెట్టె తెరిస్తే మా అబ్బ (తాత) వాళ్ల నాయన కాగితాలు దొరికినాయి. రెండు శిస్తు రసీదులు, ఒక క్రయపత్రం. రసీదు మీద ఫసలీ 1330 అని ఉంది. క్రయపత్రంలో ‘కపిల బావిలో మూడో వంతు, చింతచెట్లు రెండు’ అనే మాటలు చదవగలిగినాను. కపిల బావి అంటే ఎద్దులతో నీళ్లు తోడే బావి. బావి పూడిపోయింది, చింతచెట్టు ఒకటి ఇంకా కాయలు కాస్తా ఉంది. ఆయన ఫోటో కూడా మా ఇంట్లో లేదు. ఏం పండించినాడో, ఎట్లా బతికినాడో తెలుసుకోవాలని శానా ఆశగా ఉంది.

జవాబు:
ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది తమ్ముడూ. 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ దాకా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందరి కాగితాలైతే ఉత్తర ఆర్కాటు జిల్లా పేరుతో వెతకాల.

జవాబు:
నేను రెవెన్యూలో చేసి రిటైరైనాను. క్రయపత్రంలో సర్వే నంబరు ఉంటే దాంతో ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టరు) నకలు అడుగు నాయనా. తరినా మెట్టనా, విస్తీర్ణమెంత, శిస్తెంత, అన్నీ తెలుస్తాయి. పైరు సంగతి ఊరి పంటల లెక్క అయిన అడంగల్‌లో ఉంటుంది, పాతవి దొరికితే నీ అదృష్టం. అన్నిటికన్నా ముందు హద్దులు చదువు. నాలుగు దిక్కులా ఎవరి పేర్లున్నాయో చూసి, వాళ్ల మనవళ్లను కలువు. బావిలో తక్కిన రెండు వంతులు ఎవరివో వాళ్లే చెప్తారు.

ప్రశ్న అడిగినాయన:
ఇప్పుడే చూసినా పెద్దాయనా. తూర్పున ‘చాకలి మాన్యం’ అని ఉంది, అంటే ఊరి చాకలికి ఇచ్చిన భూమి. ఆ ఇంటి ముసలవ్వ మా ఊర్లోనే ఉంది. పొద్దున్నే పోతా.