ఏడో బిట్టుకు మైనస్ ఎందుకొస్తోంది?

నల్లగొండ లెక్చరర్: రాత్రి తొమ్మిదింటి నుంచి దీంతోనే కూర్చున్నా. డిగ్రీ ఫస్టియర్ ఇంటర్నల్, 20 బిట్లు, 44 మంది. మార్కుల వరుసలో పేర్చి పైనుంచి 12 మందిని, కిందనుంచి 12 మందిని తీసుకున్నా. ఏడో బిట్టు పైవాళ్లలో ముగ్గురు, కిందివాళ్లలో ఏడుగురు రైటు చేశారు. ఆ తేడాను 12తో భాగిస్తే విచక్షణా సూచిక, అంటే బాగా చదివేవాళ్లను మిగతావాళ్ల నుంచి బిట్టు ఎంత వేరుచేస్తుందో చెప్పే అంకె, మైనస్ 0.33! ఎక్సెల్‌లో ఫార్ములా పదిసార్లు మార్చి చూశా. తప్పెక్కడ?

పాలమూరు మాస్టారు: అసలు బిట్లు పెట్టడంతోనే వచ్చాయి ఈ తిప్పలు. నేర్చుకోవడానికి ఆరు మెట్లుంటాయని విద్యావేత్త బ్లూమ్ 1956లోనే చెప్పాడు. మనం ఇంకా మొదటి మెట్టు మీదే, గుర్తుపెట్టుకోవడం దగ్గరే కూర్చున్నాం. ముందురోజు రాత్రి గైడు తిరగేసినవాడికీ, ఏడాదంతా క్లాసు విన్నవాడికీ ఒకటే మార్కులు. ఒక్క వ్యాసరూప ప్రశ్న ఇచ్చి చూడండి, ఎవరేంటో తేలిపోతుంది.

మిర్యాలగూడ: ఫార్ములా కరెక్టే. కీ చూడండి.

నల్లగొండ లెక్చరర్: కీ నేనే రాశా. జవాబు మంజీర. అందులో తప్పేం లేదు.

దేవరకొండ మేడం: వ్యాసరూపమైతే దిద్దేవాళ్లను బట్టి మార్కులు మారిపోతాయి మాస్టారూ. ఒకే పేపరు ఇద్దరికిచ్చి చూశారా ఎప్పుడైనా? అన్నట్టు సర్, ఆ బిట్టు కాఠిన్యత ఎంతొచ్చింది?

నల్లగొండ లెక్చరర్: 24 మందిలో 10 మంది రైటు. అంటే 0.42.

పాలమూరు మాస్టారు: కాఠిన్యత కాదమ్మా, కాఠిన్యం. దానికి మళ్లీ 'త' ఎందుకు?

దేవరకొండ మేడం: బీఈడీలో మాకలాగే చెప్పారు సర్. పైగా అంకె పెరిగేకొద్దీ ప్రశ్న తేలికని అర్థం. పేరే తిరగబడి ఉంటే ఇక 'త' ఉంటే ఎంత, లేకుంటే ఎంత!

మిర్యాలగూడ: ప్రశ్న పెట్టండి.

నల్లగొండ లెక్చరర్: 'కృష్ణా ఉపనది ఏది? మూసీ, డిండి, భీమా, మంజీర.' 'ఉపనది కానిది' అని ఉండాలి, టైపింగులో పోయింది. పేపర్లు పంచగానే చూసి దిద్దించాగా.

మిర్యాలగూడ: అందరితోనా?

నల్లగొండ లెక్చరర్: మా రూములో. పక్క రూముకు అటెండరుతో కబురు పంపా.

మిర్యాలగూడ: అందిందా? పై 12 మందిలో ఆ రూమువాళ్లెందరు?

నల్లగొండ లెక్చరర్: తొమ్మిది మంది. అందరూ మూసీయే పెట్టారు.

మిర్యాలగూడ: ఇది మొదటే రాయాల్సింది.

దేవరకొండ మేడం: పాపం, పిల్లల తప్పేముంది! మూసీ మన వాడపల్లి దగ్గరే కదా కృష్ణలో కలిసేది. ఆ బిట్టు తీసేసి 19కే లెక్కకట్టండి.

పాలమూరు మాస్టారు: తీసేస్తే మంజీర పెట్టినవాళ్లకు అన్యాయం. అందరికీ ఒక మార్కు కలపాలి. అదే వ్యాసరూపమైతే ఈ గొడవే...

నల్లగొండ లెక్చరర్: మార్కులు నిన్ననే అప్‌లోడ్ చేశాం. ప్రిన్సిపాల్ సారును అడిగి చూస్తా. థ్యాంక్స్ అన్నా.