పాత డ్రిప్‌కి మళ్లీ సబ్సిడీ వస్తుందా? (అనంతపురం)

చీనీ_తాడిపత్రి: మూడున్నర ఎకరాల చీనీ (బత్తాయి). 2018లో సబ్సిడీ మీద వేసిన డ్రిప్, సగం డ్రిప్పర్లు మూసుకుపోయాయి. అదే సర్వే నంబరుకి మళ్లీ ఇస్తారా? ఏ కాగితాలు కావాలి? ఏ కంపెనీ మేలు?

ఒన్‌బీ_బాధితుడు: ఏడేళ్లు నిండితే అదే భూమికి మళ్లీ పెట్టుకోవచ్చు. మెలికంతా 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) దగ్గరే. అందులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్కటిగా ఉండాల. పాసు పుస్తకం ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే ముందు మ్యుటేషన్ (రికార్డులో మీ పేరుకి మార్పు) చేయించుకోండి. కౌలు భూమైతే కనీసం ఏడేళ్ల రిజిస్టర్డ్ ఒప్పందం అడుగుతారు. ఏ భూయజమాని రాసిస్తాడు సామీ అది?

లీటర్_నాలుగు: కొత్తది ఎందుకన్నా, యాసిడ్ పట్టించి చూడు ముందు.

గట్టుమీద_గంగన్న: యాసిడ్ పోస్తే పైపులు పెళుసై, చెట్ల వేర్లు మాడతాయి. ఇట్లాంటి సలహాలు ఇవ్వద్దు.

లీటర్_నాలుగు: పైపు పాలిథీన్, దానికేమీ కాదు. యాసిడ్ తినేది ఇనుప ఫిల్టర్‌ని. అందుకే ఫిల్టర్ దాటాక ఎక్కించాల. ముందు లేటరల్ (చెట్ల వెంట పోయే సన్న పైపు) ముక్క కోసి, లోపలి పొర మీద ఒక్క చుక్క హైడ్రోక్లోరిక్ యాసిడ్ వెయ్. బుసబుస పొంగితే సున్నం, యాసిడ్‌కి కరుగుతుంది. జిగురుగా, గోధుమరంగులో ఉంటే నాచు, దానికి బ్లీచింగ్. రెండూ కలిపావంటే విషవాయువే.

గట్టుమీద_గంగన్న: మరి ఎంత పోయాలో చెప్పవే? అందరూ క్యాన్లకు క్యాన్లు కుమ్మరిస్తున్నారు.

లీటర్_నాలుగు: కుమ్మరించేవాళ్ల తప్పు యాసిడ్‌కి అంటగట్టకు. బకెట్‌లో పది లీటర్ల బోరు నీళ్లు పట్టి, పీహెచ్ కాగితం (నీళ్ల పులుపు చూపేది) 4 చూపేదాకా మిల్లీ మిల్లీగా కలుపు. ఆరు మిల్లీ పట్టిందనుకో. సెక్షన్‌కి (ఒక వాల్వు కింద తడిసే ముక్కకి) నిమిషానికి 120 లీటర్లు పారితే పదిహేను నిమిషాలకు 1800 లీటర్లు, అంటే యాసిడ్ లీటరు పైచిలుకు, అంతే. చివరి డ్రిప్పర్ దగ్గర కూడా 4 వచ్చాక మోటారు ఆపి, ఒక రోజు వదిలెయ్. తర్వాత ముందు సబ్ మెయిన్ (లేటరళ్లకు నీళ్లిచ్చే పైపు), ఆపైన లేటరల్ చివరి మూతలు తీసి నీళ్లతో ఫ్లష్ చెయ్. నీళ్లలో యాసిడ్ పోయాల, యాసిడ్‌లో నీళ్లు కాదు.

డిజైన్_గురువు: పదిహేనేళ్లుగా డిజైన్లు గీస్తున్నా, వినండి. చిన్న, సన్నకారు రైతుకి కేంద్రం లెక్క 55 శాతం, మిగతావాళ్లకు 45. ఊళ్లో అందరూ సబ్సిడీ తొంభై శాతం అంటున్నారే, అది రాష్ట్రం పైన కలిపితే వచ్చేది. అదీ యూనిట్ కాస్ట్ (ప్రభుత్వం కట్టిన ధర) మీదే, కంపెనీ కొటేషన్ మీద కాదు. తేడా రైతుదే. చీనీకి ఇంకో మోసం: పెద్ద చెట్టుకి కూడా మొదలు పక్కనే ఒక్క లైను లాగి పోతారు. మొదలు తడిస్తే బంక తెగులు. రెండు పక్కలా మీటరు దూరంలో రెండు లైన్లు గీసి ఉందా అని డిజైన్ కాగితం మీదే చూసుకొని సంతకం పెట్టండి.

ఒన్‌బీ_బాధితుడు: రెండు లైన్లంటే రైతు వాటా పెరుగుతుంది గురువుగారూ, అది కూడా చెప్పండి.

డిజైన్_గురువు: పెరుగుతుంది. చెట్టు పోతే వచ్చే నష్టంతో పోల్చుకో.

చీనీ_తాడిపత్రి: కంపెనీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఉడత_శత్రువు: ఏ కంపెనీదైనా ఉడతకి ఒకటే. ఎండాకాలం లేటరల్ కొరికేది నీళ్ల కోసం కూడా. గట్టు మీద అక్కడక్కడ చిప్పల్లో నీళ్లు పెట్టి చూడండి.