తాకి చదివే పటాలను కంప్యూటర్‌పై తయారు చేయడం: ఉబ్బే కాగితమా, ఎంబాసరా?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని)

మా పదో తరగతిలో ఒక విద్యార్థినికి చూపు లేదు. తెలుగు బ్రెయిలీ వేగంగా చదువుతుంది. పాఠాలు ఆమెకు బ్రెయిలీలో అందుతున్నాయి గానీ, బొమ్మ ఉన్న ప్రతిచోటా "పటం చూడండి" అన్న మాట మాత్రమే మిగులుతోంది. ముందుగా గోదావరి నదీ పటాన్నీ, వర్గ బహుపదుల గ్రాఫులనూ తయారు చేయాలనుకుంటున్నాను. కంప్యూటర్‌పై బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌తో కొంత పరిచయం ఉంది. పుస్తకంలోని పటాన్ని స్కాన్ చేసి, ఆటోమేటిక్ ట్రేసింగ్‌తో గీతలుగా మార్చి ముద్రిస్తే సరిపోతుందా? వేడికి గీతలు పైకి లేచే ఉబ్బే కాగితం, కాగితంపై చుక్కలు పొడిచే ఎంబాసర్ యంత్రం, ఈ రెండింటిలో ఏది మేలు? బొమ్మను ఇలా తిరిగి గీయడానికి అనుమతి తీసుకోవాలా?

జవాబు 1 (బ్రెయిలీ ముద్రణలో పనిచేస్తున్నవారు)

ఆటోమేటిక్ ట్రేసింగ్ ఈ పనికి సరిపోదండీ. జిల్లా సరిహద్దు, నది, రైలుమార్గం కంటికి రంగుల వల్ల విడివిడిగా కనిపిస్తాయి. వేలికి మాత్రం అవన్నీ కలిసి ఒకే గరుకుగా తగులుతాయి. స్కాన్ చేసిన పటాన్ని అడుగు పొరగా ఉంచి, పై పొరలో పాఠానికి అవసరమైనవి మాత్రమే మీరే గీయండి. పక్కపక్క గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నదికి తెగని గీత, సరిహద్దుకు తునకల గీత, ఊరికి నిండు చుక్క అని ఒకసారి నిర్ణయించుకున్నాక, అన్ని పటాలలోనూ అవే గుర్తులు వాడండి.

పేర్ల దగ్గరే అసలు ఇబ్బంది. బ్రెయిలీలో ఒక గడి (ఆరు చుక్కలు పట్టే చోటు) నుంచి పక్క గడికి దాదాపు 6 మిల్లీమీటర్లు పడుతుంది. మన భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ వేరే గడులు కావాలి కనుక "కాళేశ్వరం" అన్న ఒక్క పేరుకే తొమ్మిది గడులు, అంటే 5 సెంటీమీటర్లకు పైగా చోటు కావాలి. అందువల్ల పటంపై ఒకటి రెండు అక్షరాల సంకేతాలు పెట్టి, పూర్తి పేర్లను వేరే పుటలో ఇవ్వడమే మార్గం. తెలుగును బ్రెయిలీలోకి మార్చడానికి లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బ్రెయిలీని పటంలో చేర్చిన తరువాత పటాన్ని పెంచవద్దు, కుదించవద్దు. ముద్రించేటప్పుడు కూడా "పేజీకి సరిపడేలా" అన్న ఎంపికను తీసివేసి 100 శాతం పరిమాణంలోనే ముద్రించండి. లేకపోతే చుక్కల ఎడం మారి, ఎంత వేగంగా చదివేవారికైనా అక్షరాలు అందవు.

ఉబ్బే కాగితంలో సూక్ష్మమైన గుళికల పూత ఉంటుంది. నల్లగా ముద్రించిన భాగం వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక, హీటర్ యంత్రంలోంచి పంపినప్పుడు అక్కడే పైకి లేస్తుంది. నదుల వంపులకు ఇది చక్కగా సరిపోతుంది, కానీ ప్రతి కాపీకీ ఆ ప్రత్యేక కాగితమే కావాలి. ఎంబాసర్ మామూలు బ్రెయిలీ కాగితంపై చుక్కలు పొడుస్తుంది. ఒకే పటం చాలామందికి కావాలంటే అదే నయం. వ్యూప్లస్ సంస్థ టైగర్ ఎంబాసర్లు అంగుళానికి 20 చుక్కల వరకు వేస్తాయి, చుక్క ఎత్తునూ మారుస్తాయి. ఆ సాంకేతికత అమెరికాలోని భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ గార్డ్‌నర్ చూపు కోల్పోయిన తరువాత ఆయన ప్రయోగశాలలోనే రూపుదిద్దుకున్నది. మీకు కావలసినవి కొన్ని కాపీలే కనుక ఉబ్బే కాగితం చాలు.

జవాబు 2 (గణిత పట్టభద్రుడు, బ్రెయిలీ పాఠకుడు)

గ్రాఫుల గురించి పాఠకుడిగా చెబుతాను. గళ్లూ, అక్షాలూ, వక్రరేఖా ఒకే మందంలో ఉంటే మాకు గళ్లు తప్ప మరేమీ తెలియదు. వక్రరేఖ అన్నిటికన్నా ప్రస్ఫుటంగా, అక్షాలు దానికన్నా తక్కువగా, గళ్లు వేలికి అందీ అందనట్లుగా ఉండాలి. ఎక్స్ స్క్వేర్ − 3 ఎక్స్ − 4 గ్రాఫులో పరావలయం ఎక్స్-అక్షాన్ని −1 వద్ద, 4 వద్ద ఖండిస్తుంది. ఆ రెండు చోట్లా పెద్ద చుక్కలు పెడితే శూన్యాలను (బహుపది విలువ సున్నా అయ్యే చోట్లను) వేలే కనుక్కుంటుంది. పుట పైభాగాన శీర్షిక, ఏ దిక్కు పైన ఉందో తెలిపే ఒక వాక్యం తప్పనిసరి, ఎందుకంటే మేము రెండు చేతులతో ముందు పుటంతా ఒకసారి తడిమి, ఆ తరువాతే వివరాలలోకి వెళతాము. శంకువు, ఘనం వంటి వాటి బొమ్మలు మాత్రం గీయవద్దని నా మనవి. కంటికి లోతుగా తోచేలా గీసే పద్ధతి వేలికి వర్తించదు. అట్టతో చేసిన శంకువునే ఆమె చేతికివ్వండి.

జవాబు 3 (గ్రంథాలయ అధికారి)

అనుమతి విషయం: కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి రచనలను మార్చడం ఉల్లంఘన కాదు, అయితే అందులో లాభాపేక్ష ఉండకూడదు. గీయడం మొదలుపెట్టే ముందు, ఐఐటీ ఢిల్లీలో పుట్టిన రైజ్డ్ లైన్స్ ఫౌండేషన్ తయారుచేసిన స్పర్శ చిత్రాలను కూడా ఒకసారి పరిశీలించండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలు పటంలో మరీ దగ్గరగా వస్తున్నాయి. 3 మిల్లీమీటర్ల ఎడం కోసం వాటిని కాస్త జరపవచ్చా?

జవాబు 1 ఇచ్చినవారు

కొద్దిగా జరపవచ్చును గానీ డెల్టా ఆకారం మారేటంతగా వద్దు. మొదటి పుటలో త్ర్యంబకం నుంచి సముద్రం వరకు ఒకే గీతగా నదిని చూపి, ప్రాణహిత, శబరి కలిసే చోట్లను గుర్తించి, ధవళేశ్వరం దగ్గర "డెల్టా, రెండో పుట" అనే సంకేతం పెట్టండి. రెండో పుటలో డెల్టాను మాత్రమే పెద్దదిగా గీస్తే యానాం, అంతర్వేది, వాటి మధ్య కోనసీమ విడివిడిగా తగులుతాయి. స్కేలు మారిందన్న మాటను రెండో పుట శీర్షికలోనే రాయండి.