కిరణజన్య సంయోగక్రియ: పేరులో ఉన్నదీ, లేనిదీ

(నల్లగొండ నుంచి)
మా అమ్మాయి ఏడో తరగతి. రాత్రి ఈ మాటను పదిసార్లు రాసింది, పరీక్షలో తప్పు పోతుందేమోనని ఒకటే టెన్షన్. అర్థం అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. ఇంత బరువైన మాట తీసేయాలని ఇక్కడ చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. విడదీసి చెప్పకపోవడమే తప్పు. జన్యం అంటే పుట్టినది. కిరణాల వల్ల పుట్టే కలయిక ఇది. కలిసేవి వేరు తాగిన నీళ్లు, ఆకు రంధ్రాల్లోంచి వచ్చిన బొగ్గుపులుసు వాయువు. తయారయ్యేది చక్కెర. సూర్యుడి పేరు పెట్టకుండా 'కిరణం' అనడం ఎంత బాగుందో! బల్బు వెలుగులోనూ ఈ పని జరుగుతుంది.

మా అమ్మ చదువుకోలేదు. "చింతచెట్టు నీడల పత్తికి ఎండపొడ సోకదు, కాయ యాడ పడతది?" అంటుంది. అమ్మాయికి ఆ 'ఎండపొడ' దగ్గరే మొదలుపెట్టి చెప్పాను.

(మిర్యాలగూడ నుంచి)
అన్నా, ఒక్క పేచీ. సంయోగం కంటే ముందు విడిపోవడం ఉంది. వెలుగు బలంతో ఆకు నీటిని చీలుస్తుంది. బయటికి వచ్చే ఆక్సిజన్ ఆ నీటిదే, బొగ్గుపులుసు వాయువుది కాదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్ బృందం ఒక రకం నాచుకు, మామూలు దానికంటే బరువైన ఆక్సిజన్ గుర్తుగా ఉన్న నీరు ఇచ్చి, బయటికి వచ్చింది ఆ బరువైనదేనని చూసి ఈ సంగతి తేల్చింది. పేరులో ఆ సగం లేదు.

(నల్లగొండ నుంచి)
నిజమే తమ్ముడూ. ఆ సగం మనమే నోటితో చెప్పాలి.

(నాగర్‌కర్నూల్ నుంచి)
అన్నా, ఆకులో వెలుగును పట్టే పచ్చ పదార్థం, పత్రహరితం సంగతి కూడా చూడండి. 1817లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెల్లెటియే, కావెంటూ పెట్టిన క్లోరోఫిల్ అనే పేరుకు ఇది తెలుగు. గ్రీకులో క్లోరోస్ లేత ఆకుపచ్చకూ, పసుపు ఛాయకూ చెల్లుతుంది. మన 'పచ్చ' కూడా అంతే! పసుపు, పసరు, పచ్చిక అన్నీ ఆ కుదురువే. దొండాకుతో పలక తుడిచిన చేతులకు పసరు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆకుపసరు అనకూడదా?

(నల్లగొండ నుంచి)
పసరు అంటే పిండిన రసం మొత్తం కదమ్మా. పత్రహరితం అందులో ఒక్క పదార్థం. రెండూ ఒకటి చేస్తే పిల్లలు తికమకపడతారు.

(నాగర్‌కర్నూల్ నుంచి)
సరే. మరి నాచుకు పత్రమే లేదు, హరితం మాత్రం ఉంది!

(నల్లగొండ నుంచి)
దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా, పేరు అక్కడ నిజంగానే చాలదు. ఆదివారం పానగల్లు ఉదయసముద్రం నుంచి కాస్త నాచు తెచ్చి, గాజు సీసాలో నీళ్లు పోసి ఎండపొడలో పెడతాను. బుడగలు లేస్తే, తమ్ముడు చెప్పిన ఆ విడిపోయే సగం అమ్మాయికి కళ్లారా చూపిస్తాను.