షిప్‌లో ఒక మనిషి తక్కువున్నారట, తమ్ముడితో నింపుతారట. నమ్మొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అన్నలకు నమస్తే. మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ చేశాడు, వయసు 22. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కార్గో షిప్‌లో ఉద్యోగం అంటున్నారు. పనామా జెండా షిప్ అట. "రూలు ప్రకారం 14 మంది ఉండాలి, 13 మందే ఉన్నారు, మీవాడితో నిండుతుంది, వచ్చే వారమే జాయినింగ్" అని చెప్పారు. ఫారిన్ షిప్ కాబట్టి ఇండియా సీడీసీ (ఓడ పనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పుస్తకం) కూడా అక్కర్లేదట. నాలుగు లక్షలు అడుగుతున్నారు, సగం ముందే కట్టాలి. నాన్న వడ్లు అమ్మిన పైసలు ఇద్దామంటున్నాడు. షిప్పుల సంగతి తెలిసినవాళ్లు మా ఊళ్లో లేరు. ఏం చేయమంటారు?

జవాబు (వనపర్తి, ఓడలో బోసన్‌గా, అంటే డెక్ పనివాళ్ల పెద్దగా చేస్తున్నాను):
తమ్ముడూ, నాన్నను ఆగమను. ముందు ఆ 14 లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే మోసం అందులోనే ఉంది.

కనీసం ఎంతమంది ఉండాలన్న రూలు నిజమే. ఓడ ఏ దేశం జెండా కింద రిజిస్టర్ అయితే ఆ దేశం దానికి 'మినిమమ్ సేఫ్ మ్యానింగ్ డాక్యుమెంట్' ఇస్తుంది. ఓడల భద్రత మీద ఉన్న సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఐదో అధ్యాయం 14వ రూలు ప్రకారం ఆ కాగితం ఓడ మీద ఉండి తీరాలి. అయితే అందులో ఉండేది తలల లెక్క ఒక్కటే కాదు. కెప్టెన్, చీఫ్ ఆఫీసర్, చీఫ్ ఇంజనీర్, సెకండ్ ఇంజనీర్, డెక్ వాచ్ రేటింగులు, ఇంజిన్ వాచ్ రేటింగులు (ఆఫీసర్ల కింద వంతులవారీగా డ్యూటీ చేసేవాళ్లు) అని పోస్టు వారీగా, ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది ట్రైనింగ్, సర్టిఫికెట్ల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఒక్కో పోస్టుకు ఏ సర్టిఫికెట్ కావాలో సహా రాసుంటుంది. ఓడ టన్నేజీ, ఇంజిన్ ఎన్ని కిలోవాట్లు, ఏ సముద్రాల్లో తిరుగుతుంది, ఇంజిన్ రూమ్ రాత్రిపూట మనిషి లేకుండా నడుస్తుందా లేదా, ఇవన్నీ చూసి ఆ లెక్క వేస్తారు.

ఇక మీవాడి విషయం. వాచ్ రేటింగ్ సర్టిఫికెట్ కావాలంటేనే ముందు సముద్రం మీద పని చేసుండాలి. ఎస్‌టీసీడబ్ల్యూ ప్రకారం కనీసం ఆరు నెలలు, ప్రత్యేక ట్రైనింగ్ ఉంటే రెండు నెలలు. కొత్తగా ఎక్కేవాడు ట్రైనీగా, ఆ కనీస లెక్కకు అదనంగా ఎక్కుతాడు. కాబట్టి 14వ మనిషి ఖాళీ ఉన్నా మీవాడితో నిండదు. నిజంగా ఒకరు తక్కువైతే ఓడను అలా నడపకూడదు. పోర్టులో తనిఖీకి వచ్చినవాళ్లు ఓడను ఆపేయొచ్చు. ఏ కంపెనీ అయినా అలాంటప్పుడు సర్టిఫికెట్ ఉన్నవాణ్ని విమానం ఎక్కించి పంపిస్తుంది, మిర్యాలగూడ నుంచి ఫిట్టర్‌ను కాదు. కోపం తెచ్చుకోకు, ఉన్న మాట చెబుతున్నా.

జవాబు (సూర్యాపేట వాణ్ని, విశాఖలో షిప్ మేనేజ్‌మెంట్ ఆఫీసులో పని):
అన్న చెప్పింది కరెక్ట్. ఫారిన్ జెండా మాటకు నేను చెప్తాను. పనామా, లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ జెండాల కింద బోలెడు ఓడలున్నాయి, మనవాళ్లు వేలల్లో పనిచేస్తున్నారు. జెండా ఏదైనా ఎస్‌టీసీడబ్ల్యూ కనీస అర్హతలు మారవు. ఇండియా నుంచి వెళ్లే మనవాడికి ఇండాస్ నంబరు (ఓడ పనివాళ్ల ప్రభుత్వ రికార్డులో వాడి నంబరు), సీడీసీ ఉండాల్సిందే. "అక్కర్లేదు" అన్నారంటే వాళ్లు పంపే దారి సరైనది కాదు. అలా దొంగదారిన వెళ్లినవాళ్లకు జీతం ఆగితే, దెబ్బ తగిలితే అడిగే దిక్కుండదు.

పైసల సంగతి ఇంకా సూటిగా ఉంది. ఓడ పనివాళ్ల హక్కుల మీద ఉన్న ఎంఎల్‌సీ 2006 అనే అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం కూడా ఉంది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర రూపాయి తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ, పాస్‌పోర్ట్, ఈ మూడు ఖర్చులే మనవి. వీసా ఖర్చు కూడా ఓనర్ పెట్టుకోవాలి. సిబ్బందిని పంపే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ లిస్టు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లను మూడే అడుగు: ఆర్‌పీఎస్ఎల్ నంబరు, ఓడ ఐఎంఓ నంబరు (ఒక్కో ఓడకు ఉండే గుర్తింపు నంబరు), సంతకం పెట్టాల్సిన అగ్రిమెంట్ కాపీ.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. ఫోన్ చేసి అడిగాను. నంబర్లన్నీ పేమెంట్ అయ్యాక మెయిల్ చేస్తారట. నాన్నకు మీ జవాబులు చదివి వినిపించాను, ఇక ఆ మాట ఎత్తడం లేదు. కానీ తమ్ముడికి షిప్ మీదే మనసుంది. సరైన దారి ఏంటి? ఇండియా జెండా షిప్ అయితే మనవాళ్లకే ఇస్తారా?

జవాబు (వనపర్తి):
జీపీ రేటింగ్ కోర్సు, అంటే డెక్, ఇంజిన్ రెండు పనులూ నేర్పే కొత్తవాళ్ల కోర్సు. డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలోనే చేరాలి, ఆ లిస్టు కూడా అదే సైట్‌లో ఉంది. అక్కడే ఉండి చదవాలి, ఆరు నెలలు. వయసు పదిహేడున్నర నుంచి 25 మధ్య, కాబట్టి మీవాడికి టైముంది, అలా అని నానబెట్టొద్దు. టెన్త్ ఇంగ్లీషులో 40 శాతం ఉందో లేదో మెమో తీసి చూడు. ఫీజు కట్టకముందే డీజీ ఆమోదం ఉన్న డాక్టర్ దగ్గర కళ్లు చూపించు. రంగులు తేడా పట్టలేనివాణ్ని డెక్ మీదకు తీసుకోరు. ఈ సంగతి కోర్సు అయ్యాక బయటపడితే ఫీజంతా గోవిందా.

కోర్సు అయిన వెంటనే ఓడ దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు. మొదటి ఓడ దొరకడమే కష్టం, అందరూ అనుభవం ఉన్నవాణ్నే అడుగుతారు. గత బ్యాచ్‌లో ఎంతమంది ఎక్కారని సంస్థను అడిగి, ఆ పిల్లలతోనే ఫోన్‌లో మాట్లాడించమను.

జవాబు (సూర్యాపేట):
ఇండియా జెండా ఓడల్లో దాదాపు అందరూ మనవాళ్లే ఉంటారు, జీతాలకు నేషనల్ మారిటైమ్ బోర్డు ఒప్పందం ఉంటుంది. డాలర్ జీతం చూసి చాలామంది ఫారిన్ జెండా అంటారు గానీ, నా లెక్కలో మొదటి కాంట్రాక్టుకు ఇండియా జెండానే నయం. ఇంకొకటి, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్తది ఆమోదించింది. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి ఫారాలు నింపొద్దు, సైట్‌లో ఉన్నదే చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చివరిగా ఒకటి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరమే ఉంది. ఇబ్బందా?

జవాబు (సూర్యాపేట):
ఇబ్బందే. ముందు పాస్‌పోర్ట్ సరిచేయించి, ఆ తర్వాత ఇండాస్‌కు అప్లై చేయించండి. ఒకసారి ఇండాస్, సీడీసీల్లో తప్పు పేరు పడితే మార్చుకోవడానికి చాలా తిరగాల్సి వస్తుంది.